చెసపీక్ బేలో ఆలిచిప్పల జబ్బుల మీద వేసవి ఇంటర్న్‌షిప్ చేస్తున్నా, అడగాల్సినవి అడగండి

లవణ
అందరికీ నమస్తే. "బయాలజీ చదివితే డాక్టరు కావడం తప్ప ఇంకేముంది" అన్న చర్చలో నేను ఆలిచిప్పల (ఆయిస్టర్ల) జబ్బుల మీద పని చేస్తున్నానని ఒక్క ముక్క రాశాను. అప్పటినుంచి ఇన్‌బాక్స్‌లో ఒకటే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ విడిగా రాసే బదులు ఇక్కడ పెడుతున్నా.

అమెరికా తూర్పు తీరాన వర్జీనియాలో యార్క్ నది ఒడ్డున గ్లాస్టర్ పాయింట్ అనే చిన్న ఊరుంది. వర్జీనియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెరైన్ సైన్స్ అక్కడే. నది ఇంకాస్త కిందికి పోయి చెసపీక్ బేలో కలుస్తుంది. ఒకప్పుడు ఈ బేలో పడవలకు అడ్డం తగిలేంత ఎత్తున ఆలిచిప్పల దిబ్బలు ఉండేవట. ఇప్పుడు వాటిలో 1 శాతం ప్రాంతంలోనే మిగిలాయని తరచూ చెప్పే లెక్క. మొదటి దెబ్బ మనుషులదే. 19వ శతాబ్దంలో విపరీతంగా తవ్వి తీసేశారు. ఆ మిగిలినవాటి మీద రెండు పరాన్నజీవులు పడ్డాయి.

ఒకటి డెర్మో, అంటే పెర్కిన్సస్ మరైనస్. దీన్ని 1950లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో చచ్చిపోతున్న ఆలిచిప్పల్లో గుర్తించారు, మొదట బూజు జాతి అనుకున్నారు. రెండోది ఎంఎస్‌ఎక్స్, అంటే హాప్లోస్పోరిడియం నెల్సొనై. 1957లో డెలవేర్ బేలో, 1959లో ఇక్కడ బయటపడింది. రెండూ ఏకకణ జీవులే, రెండూ మనుషులకు హాని చెయ్యవు.

నా పని ఎక్కువగా డెర్మో పరీక్ష. కత్తి మొనని చిప్ప కీలు దగ్గర దూర్చి, మణికట్టు తిప్పి తెరవాలి. లోపల చిప్పకి ఆనుకుని ఉండే పలచటి పొర, అంటే మాంటిల్ అంచు నుంచి చిన్న ముక్క, మలద్వారం దగ్గర పేగు ముక్క కోసి, థయోగ్లైకొలేట్ ద్రావణం ఉన్న గొట్టంలో వెయ్యాలి. బ్యాక్టీరియా, బూజు పెరగకుండా అందులో యాంటీబయాటిక్, యాంటీఫంగల్ మందులు కలుపుతారు. ఆ గొట్టాలని చీకట్లో దాదాపు వారం ఉంచుతాం. జబ్బు ఉంటే ఆ కణాలు అందులో ఉబ్బి పెద్దవవుతాయి. తర్వాత ముక్కని గాజు పలక మీద బ్లేడుతో సన్నగా తరిగి, లూగాల్ అయోడిన్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద పెడితే పసుపు పచ్చటి కండలో నల్లావాలు చల్లినట్టు గుండ్రటి నీలి నలుపు కణాలు కనిపిస్తాయి. ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి 0 నుంచి 5 దాకా మార్కు వేస్తాం. 5 అంటే కండ కనబడదు, అన్నీ నల్ల గుండ్లే.

అడగండి ఇక.

తెనాలి తుంటరి
ఆలిచిప్పకి జబ్బు చేసిందని అసలెలా తెలుస్తుంది అక్కా? దగ్గుతుందా, మంచం పడుతుందా? పుట్టినప్పటినుంచీ పడుకునే ఉంటుంది కదా అది.

గోదారి పిల్ల
దగ్గులు పక్కనపెట్టి నా డౌటు. జబ్బున్నది మనుషులకి హాని చెయ్యదన్నారు. అంటే జబ్బు చేసిన ఆలిచిప్పలు అక్కడ రెస్టారెంట్లలో అమ్ముతున్నట్టేనా? మా ఆయన వాటిని నిమ్మకాయ పిండుకుని పచ్చిగా మింగేస్తాడు. నాకు చూస్తేనే కడుపులో తిప్పుతుంది.

లవణ
తుంటరి గారూ, తెలియకపోవడమే అసలు తంటా. తొలిదశలో బయటికి ఏమీ కనిపించదు. ముదిరాక మాంసం నీళ్లోడుతూ పలచగా, పాలిపోయి ఉంటుంది, పెరుగుదల ఆగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నదాన్ని తాకితే చిప్ప టక్కున మూసుకుంటుంది. చావుకి దగ్గరైనది మూసుకోలేదు, నోరు తెరుచుకునే ఉంటుంది. మాంసం పోయి రెండు చిప్పలూ కీలు దగ్గర అతుక్కుని ఉన్న ఖాళీ గుల్లని ఇక్కడ బాక్స్ అంటారు. లోపలి గోడ తెల్లగా, శుభ్రంగా ఉంటే ఈమధ్యే చచ్చిందన్నమాట. నాచు, బార్నకిల్స్ పట్టి ఉంటే పాత చావు. పడవ మీద డ్రెడ్జ్ (నీటి అడుగు గీకి చిప్పల్ని తీసే వల) ఎత్తి తొట్టెలో కుమ్మరించగానే ముందు చేసేది ఈ లెక్కే: బతికినవి ఎన్ని, కొత్త బాక్సులు ఎన్ని, పాతవి ఎన్ని. ఎండలో, ఆ బురద వాసనలో.

గోదారి పిల్ల గారూ, డెర్మో ఉన్న ఆలిచిప్ప తిన్నా ఏమీ కాదు. ఇక్కడ అడవి ఆలిచిప్పల్లో అది చాలా మామూలు. అయితే పచ్చిగా తినడం గురించి వేరే మాట చెప్పాలి. వేసవిలో గోరువెచ్చటి నీళ్లలో విబ్రియో వల్నిఫికస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. అది డెర్మోకి సంబంధం లేని విషయం, మనుషుల ప్రాణం తీయగలదు. కాలేయ జబ్బు ఉన్నవాళ్లకి, రోగనిరోధక శక్తి తక్కువ ఉన్నవాళ్లకి మరీ ప్రమాదం. మీ ఆయన్ని ఉడికించినవి తినమనండి.

చెరువుగట్టు
అమ్మా లవణా, మాది భీమవరం దగ్గర. ఇరవై ఏళ్ల పైన రొయ్యల చెరువులు చేస్తున్నా. నువ్వు రాసింది మొత్తం చదివాను, బాగుంది. కానీ గొట్టంలో వేసి వారం చీకట్లో పెడతామన్నావే, అక్కడ నవ్వొచ్చింది. వారం ఆగితే మా దగ్గర చెరువే ఉండదు. చెక్ ట్రేలో మేత మిగిలిందంటే ఆ పూటే రొయ్యని ల్యాబుకి పట్టుకుపోతాం, పీసీఆర్ (జబ్బు డీఎన్‌ఏని వెతికే పరీక్ష) రిపోర్టు మర్నాటికల్లా చేతిలో ఉంటుంది. తెల్లమచ్చ వైరస్ అని తేలితే కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) ఎంతైనా సరే పట్టుబడికి, అంటే రొయ్యలన్నీ పట్టేయడానికి దిగడమే. అమెరికాలో ఉండి ఈ పాతకాలం పద్ధతి ఏంటి? ఇంకో మాట. డెబ్భై ఏళ్లుగా చూస్తున్నారు కదా, మందేమన్నా కనిపెట్టారా?

ముత్తుకూరు బ్యాచ్
బాబాయ్ గారూ, నేను ముత్తుకూరు ఫిషరీ సైన్స్ కాలేజీలో చదివాను. మందు సంగతి నేను చెప్తా, టెస్టు సంగతి లవణ గారికి వదిలేస్తా.

రొయ్యకైనా ఆలిచిప్పకైనా మనకున్నట్టు యాంటీబాడీలు ఉండవు. ఒకసారి వచ్చిన జబ్బుని వాటితో గుర్తుపెట్టుకుని మళ్లీ వస్తే కొట్టే మనలాంటి ఏర్పాటు వాటి ఒంట్లో లేదు. అందుకే మనకేసే తరహా టీకాలు వాటికి కుదరవు. ఇక మందు. మీ చెరువుకి గట్టుంది కాబట్టి బ్లీచింగ్ చల్లుతారు, నీళ్లు ఆపుతారు. బేకి గట్టేదీ? పోటు వస్తుంది, ఆటు పోతుంది. ఎంత చల్లితే సరిపోతుంది, అందులో ఉన్న మిగతా జీవాల గతేంటి?

పెర్కిన్సస్ మనకి కొత్త కాదని కూడా చెప్పాలి. దాని చుట్టం పెర్కిన్సస్ ఓల్సెనిని తమిళనాడు తీరంలో ముత్యపు చిప్పల్లో మనవాళ్లే గుర్తించి 2010లో పేపర్ వేశారు. మరైనస్, ఓల్సెని రెండూ ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ జాబితాలో ఉన్న జబ్బులు, కనిపిస్తే దేశాలు రిపోర్టు చెయ్యాలి.

లవణ
> అమెరికాలో ఉండి ఈ పాతకాలం పద్ధతి ఏంటి?

బాబాయ్ గారూ, పీసీఆర్ ఇక్కడా ఉంది, చేస్తాం. కానీ మీ అవసరం వేరు, మా అవసరం వేరు. ఈ పూట పట్టుబడి చెయ్యాలా వద్దా అన్నది మీ ప్రశ్న. పీసీఆర్ అక్కడ దిట్ట. ఇక్కడ చాలా నదీముఖాల్లో జబ్బు ఉందని ముందే తెలుసు. ఎంత ముదిరింది, పోయిన ఏడాది కంటే ఎక్కువా తక్కువా అన్నదే ప్రశ్న. పీసీఆర్ పరాన్నజీవి డీఎన్‌ఏ ఉందని చెప్తుంది, అది చచ్చినదాని డీఎన్‌ఏ అయినా సరే. థయోగ్లైకొలేట్‌లో ఉబ్బేది బతికున్న కణమే. పైగా ఈ పద్ధతి 1952 నుంచి ఉంది. అప్పటివాళ్లు వేసిన మార్కులూ ఇవాళ నేను వేసే మార్కులూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. పద్ధతి మార్చేస్తే ఆ వరస తెగిపోతుంది. ఖర్చు కూడా తక్కువ.

మందు లేదు. ఉన్నదల్లా ఉప్పు, వేడి లెక్క. రెండు జబ్బులకీ ఉప్పు కావాలి. ఎంఎస్‌ఎక్స్ లీటరుకు 10 గ్రాముల ఉప్పు కంటే తక్కువున్న నీళ్లలో నిలవలేదు, రెండు వారాలు అలా ఉంటే ఆలిచిప్ప దాన్ని వదిలించుకుంటుంది. వసంతంలో వానలు బాగా పడి నదులు పొంగితే మా ల్యాబులో అందరి మొహాలూ వెలుగుతాయి. డెర్మో మొండిది. తక్కువ ఉప్పులో పెరగదు గానీ చావదు కూడా, కూర్చుని కాచుకుంటుంది. నీళ్లు 20 డిగ్రీలు దాటి వేడెక్కాక లేస్తుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో దాని తడాఖా.

ఇంకో తేడా ఉంది. డెర్మో ఒక ఆలిచిప్ప నుంచి ఇంకోదానికి నేరుగా నీళ్ల ద్వారా అంటుకుంటుంది. ఎంఎస్‌ఎక్స్‌ని ల్యాబులో ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటించడం ఇంతవరకు ఎవరి వల్లా కాలేదు. మధ్యలో ఇంకేదో జీవి ఉండాలి. అరవై ఏళ్లు దాటినా అదేమిటో దొరకలేదు.

చెరువుగట్టు
సరే, వరస తెగకూడదన్నది ఒప్పుకున్నా. మా కుర్రాళ్లకి చెరువు పుస్తకం రాయమంటే రాయరు, అదో గోల.

మరి జాతి మార్చేయొచ్చుగా? 94, 95ల్లో తెల్లమచ్చ వచ్చి మా టైగర్ రొయ్యని ఊడ్చేసింది. ఇళ్లు అమ్ముకున్నవాళ్లున్నారు. తర్వాత 2009లో వనామి అనే విదేశీ రొయ్య వచ్చింది, నిలబడ్డాం. మీ ఆలిచిప్పకి జబ్బు తట్టుకునే తాకత్తు లేకపోతే తట్టుకునే జాతిని తెచ్చి వెయ్యండి. దానికింత పరిశోధన దేనికి?

నార్ఫోక్ శీను
నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, ఇక్కడ వర్జీనియాలోనే నార్ఫోక్‌లో ఇరవై ఏళ్లకు పైగా ఉంటున్నా. చెరువుగట్టు అన్న అడిగిందే ఇక్కడ పెద్ద రచ్చ అయింది. 2000ల్లో మా లోకల్ పేపర్ల నిండా అదే. చైనా, జపాన్ వైపు నుంచి క్రాసోస్ట్రియా అరియాకెన్సిస్ అనే ఆలిచిప్పని తెచ్చి బేలో వదులుదామన్నారు. డెర్మోకీ ఎంఎస్‌ఎక్స్‌కీ అది చలించదు, త్వరగా పెరుగుతుంది. పట్టేవాళ్లూ అమ్మేవాళ్లూ చాలామంది "ఇంకా చూస్తారేంటి, వెయ్యండి" అన్నారు. పర్యావరణం వాళ్లు వద్దన్నారు. ఏళ్ల తరబడి చర్చలు, రిపోర్టులు. చివరికి 2009లో ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ (అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం), వర్జీనియా, మేరీలాండ్ రాష్ట్రాలు కలిసి వద్దని తేల్చేశాయి. స్థానిక జాతితోనే సరిపెట్టుకుందాం అన్నారు.

మీకు వనామి వచ్చిన ఏడాదీ అదే కావడం తమాషా.

లవణ
శీను గారూ, భలే గుర్తుచేశారు. ఎందుకు వద్దన్నారో మా ల్యాబులో తరచూ మాట్లాడుకుంటారు. మొదటిది, ఎంఎస్‌ఎక్స్ అసలు ఇక్కడిది కాదు. జపాన్ ప్రాంతపు పసిఫిక్ ఆలిచిప్పలో ఉన్న పరాన్నజీవీ ఇదీ ఒకటేనని 2000లో డీఎన్‌ఏతో చూపించారు. అక్కడి ఆలిచిప్పకి అది పెద్దగా పట్టించుకోని చుట్టం, ఇక్కడి ఆలిచిప్పకి యముడు. ఒక పరాయి జాతి వెంట వచ్చిన జబ్బుకి విరుగుడుగా ఇంకో పరాయి జాతిని తెద్దామా అన్నది అప్పటి భయం.

రెండోది, ఆ అరియాకెన్సిస్‌ని నార్త్ కరొలైనాలో పరీక్ష కోసం పెట్టి చూస్తే 2003లో బొనామియా అనే మరో పరాన్నజీవి పట్టుకుని చాలా చచ్చిపోయాయి. ఇక్కడి రెండు జబ్బుల్నీ తట్టుకుంది గానీ మూడోదానికి పడిపోయింది.

చెరువుగట్టు
వనామికీ భయాలు చెప్పారమ్మా అప్పట్లో. చెన్నైలో క్వారంటైన్ పెట్టి, జబ్బు లేని తల్లి రొయ్యల్నే దించి, పద్ధతిగా తెచ్చారు. తెచ్చారు కాబట్టే ఈవేళ ఇన్ని వేల కుటుంబాలు తింటున్నాయి. భయపడి కూర్చుంటే తిండెట్టేదెవరు?

ముత్తుకూరు బ్యాచ్
బాబాయ్ గారూ, వనామి తేవడం తప్పని నేననను. నా జీతం కూడా దాని మీదే. కానీ జబ్బు లేని తల్లి నుంచి వచ్చిన సీడ్ అంటే జబ్బు రాని సీడ్ అని కాదు కదా. చెరువులో దిగాక ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి పట్టి సైజు పెరక్క వంద కౌంట్ దగ్గరే ఆగిపోయిన చెరువులు మీ ఊళ్లోనే ఎన్ని? మేత తింటుంది, పెరగదు. దానికీ మందు లేదు. మీరు ఎండగట్టి, సున్నం కొట్టి, మళ్లీ మొదలెట్టగలరు. బేని ఎండగట్టలేరు. ఒకసారి వదిలిన జాతిని వెనక్కి పిలవలేరు. అదొక్కటే తేడా, కానీ చాలా పెద్ద తేడా.

చెరువుగట్టు
ఈహెచ్‌పీ పేరెత్తకు నాయనా, తిన్నది అరగదు.

గోదారి పిల్ల
మొన్న ఒక హోటల్ మెనూలో "ట్రిప్లాయిడ్" ఆలిచిప్పలు అని చూశా. ఇది జీఎం (జన్యుమార్పిడి) సరుకా? తినొచ్చా?

లవణ
జీఎం కాదండీ. బయటి జన్యువేదీ పెట్టరు. మామూలు ఆలిచిప్పకి క్రోమోజోములు రెండు సెట్లు. నాలుగు సెట్లున్న మగదాన్ని, రెండు సెట్లున్న ఆడదాన్ని కలిపితే మూడు సెట్ల పిల్లలు వస్తాయి, వాటినే ట్రిప్లాయిడ్ అంటారు. గింజల్లేని పుచ్చకాయ సంగతీ అంతే. వాటికి పునరుత్పత్తి దాదాపు ఉండదు కాబట్టి ఆ శక్తంతా పెరుగుదలకే పోతుంది. డెర్మో సాధారణంగా రెండో వేసవి, మూడో వేసవిలో చంపుతుంది. ట్రిప్లాయిడ్ ఆలోపే 3 అంగుళాలు దాటి మార్కెట్‌కి వెళ్లిపోతుంది. జబ్బుని ఓడించడం కాదు, దాని కంటే ముందు పరిగెత్తడం. వర్జీనియాలో పెంపకందారులు వేసేవి ఎక్కువ శాతం ఇవే. వేసవిలో కూడా మాంసం నిండుగా ఉంటుంది, అందుకే హోటళ్లు మెనూలో గొప్పగా రాసుకుంటాయి.

లెక్కల మాస్టారు
పిల్లలు భలే మాట్లాడుకుంటున్నారు. నాదొక ప్రశ్న. డెర్మో 1950 నుంచి తెలుసు అన్నావు. మరి ఎంఎస్‌ఎక్స్ తర్వాత వచ్చినా పేరు దానికే ఎక్కువ వచ్చింది ఎందుకు? నేను కొంచెం వెతికితే డెర్మో 1980ల మధ్య నుంచి విజృంభించింది అని కనిపించింది. ముప్పై అయిదేళ్లు ఊరుకుని హఠాత్తుగా ఎందుకు?

లవణ
మాస్టారూ, ఈ వేసవి మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి అడిగారు. కాస్త పొడుగ్గా రాస్తా.

చాలాకాలం చెప్పిన కారణం కరువు. 80ల మధ్యలో వరసగా వానలు తగ్గాయి, నదుల్లో మంచినీళ్లు తగ్గి బే పైభాగం దాకా ఉప్పెక్కింది, చలికాలాలు కూడా వెచ్చగా ఉన్నాయి. డెర్మోకి పండగ. దానికి తోడు జబ్బున్న ఆలిచిప్పల్ని పడవల్లో ఒక నది నుంచి ఇంకో నదికి తరలించారు. ఇవన్నీ నిజమే. కానీ కరువు పోయాక, మంచి వానలు పడ్డాక కూడా డెర్మో పాత స్థాయికి తగ్గలేదు. కరువుదే తప్పైతే తగ్గాలి కదా?

ఇక్కడ 1960ల నుంచి ప్రతి ఏడాదీ ఆలిచిప్పల కణజాలం కోసి, మైనంలో పోసి, పలచటి పొరలుగా గీసి, రంగు వేసిన గాజు స్లైడులు దాచిపెట్టారు. అప్పట్లో వాటిని చేసింది ఎంఎస్‌ఎక్స్ కోసం. బీరువాల నిండా చెక్కపెట్టెలు, ప్రతి స్లైడు అంచున పెన్సిలుతో నది పేరు, తేదీ. ఆ పాత స్లైడుల నుంచి 2018 దాకా ఉన్నవాటిని వరసగా పెట్టి డెర్మో కణాలు ఎలా ఉన్నాయో చూశారు. 2021లో వచ్చిన పేపర్ అది. 80ల మధ్యకు ముందున్న డెర్మో కణం పెద్దది, ఎక్కువగా అవయవాల్ని పట్టి ఉంచే కనెక్టివ్ టిష్యూలో ఉండేది. 1983కీ 1990కీ మధ్య అది మారిపోయింది. కణం చిన్నదైంది, జీర్ణనాళపు లోపలి గోడల్లోకి చేరింది. జబ్బు వాతావరణం వల్ల పెరగడం మాత్రమే కాదు, జబ్బే వేరే రకంగా తయారైంది. 80ల తర్వాత మనం చూస్తున్న డెర్మో పాత డెర్మో కాదు.

ఎందుకు మారిందన్నదానికి ఆ పరిశోధకుల ఊహ ఏంటంటే, ఎంఎస్‌ఎక్స్ వచ్చి ఆలిచిప్పల సంఖ్యనీ ఆయుష్షునీ తగ్గించేసింది. పదేళ్లు బతికే ఇల్లు రెండు మూడేళ్లకే కూలిపోతుంటే, నిదానంగా బతికే పరాన్నజీవికి చోటు లేదు. త్వరగా పెరిగి, త్వరగా చంపి, త్వరగా ఇంకోదానికి అంటుకునేదే మిగిలింది.

నాకు ఇది చదివాక ల్యాబులో స్లైడు మీద పేరు రాసే పని బోరు కొట్టడం మానేసింది. ఎంఎస్‌ఎక్స్ కోసం దాచినవాటిలోంచి డెర్మో కథ బయటపడింది.

లెక్కల మాస్టారు
బాగుందమ్మా. కానీ రెండు పనులు ఒకే కాలంలో జరిగితే ఒకటి రెండోదానికి కారణమని తేల్చలేం. ఎంఎస్‌ఎక్స్ 1959లో వచ్చింది, మార్పు 80ల్లో. మధ్యలో పాతికేళ్లు. ఇంత ఆలస్యం ఎందుకు?

లవణ
నిజమే మాస్టారూ, అందుకే ఊహ అన్నాను. కణం మారిందన్నది స్లైడులో కళ్లకు కనిపించే విషయం, అందులో అనుమానం లేదు. ఎందుకన్నది వాదన. మార్పు రావాలంటే ముందు అలాంటి రకం ఒకటి పుట్టాలి, తర్వాత దానికి కాలం కలిసిరావాలి. 80ల కరువు ఆ కలిసొచ్చిన కాలం కావచ్చు. కరువు కథా ఈ కథా ఒకదాన్నొకటి కొట్టేసుకోవని నా అభిప్రాయం.

ఇంకో వైపు నుంచి మంచి వార్త కూడా ఉంది. ఉప్పెక్కువుండే దిగువ బేలో ఆలిచిప్పలు ఎంఎస్‌ఎక్స్‌ని తట్టుకోవడం నేర్చుకున్నాయి. ఎగువ రాపహానక్ నది నుంచి జబ్బు ఎరగని ఆలిచిప్పల్ని తెచ్చి యార్క్ నదిలో ట్రేల్లో పెడితే వాటికి ఎంఎస్‌ఎక్స్ గట్టిగా పడుతుంది. ఆ పక్కనే సహజంగా పెరిగినవాటికి చాలా తక్కువ. అంటే జబ్బు ఎక్కడికీ పోలేదు, ఇక్కడి ఆలిచిప్పే మారింది. అలాంటి తట్టుకున్నవాటిని పట్టేసి అమ్మేయకుండా పిల్లలు పెట్టేదాకా వదలాలని ఇక్కడివాళ్లు చెప్పేది అందుకే.

ఎంఎస్‌ఎక్స్ ఎరగని చోట సంగతి వేరు. 2024 జులైలో కెనడాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లో బెడెక్ బే దగ్గర అది మొదటిసారి బయటపడింది. అక్కడ ఆలిచిప్పలే జీవనాధారమైన కుటుంబాలున్నాయి. వెంటనే ఆలిచిప్పల రవాణా మీద ఆంక్షలు పెట్టారు.

కాకినాడ కాజా
మా కాకినాడ బేలో గుల్లలు ఏరి బట్టీల్లో కాల్చి సున్నం చేసేవాళ్లు, మా తాత కూడా ఆ వ్యాపారమే. పలక లాంటి పలచటి గుల్ల ఒకటి, బుడిపెలున్న రక్తపు గుల్ల ఒకటి. మా చిన్నప్పుడున్నంత ఇప్పుడు లేవంటారు. జబ్బా, ఏరేయడమా, కాలుష్యమా? ఎవరన్నా స్లైడులు దాస్తున్నారా మన దగ్గర?

ముత్తుకూరు బ్యాచ్
కాజా గారూ, దేశంలో జలచరాల జబ్బుల నిఘా కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. కానీ నేను పనిచేసే ల్యాబుకి వచ్చే శాంపిళ్లు దాదాపు అన్నీ రొయ్యలే. డబ్బులు పెట్టే రైతు ఉన్నచోటే శాంపిల్ కదులుతుంది. గుల్లలు ఏరేవాళ్లు ల్యాబుకి ఎందుకొస్తారు, ఫీజు ఎవరు కడతారు? మీ ప్రశ్నకి జవాబు కావాలంటే ఎవరో ఒకరు ప్రతి ఏడాదీ అదే చోట, అదే నెలలో కొన్ని గుల్లలు తీసి ఫార్మలిన్‌లో వెయ్యాలి. పెద్ద ఖర్చు కాదు. పేపర్ రాదు, ప్రమోషన్ రాదు, అందుకే ఎవరూ చెయ్యరు.

చెరువుగట్టు
మీ కాలేజీ పిల్లలు వస్తే పడవా, డీజిలూ నేనిస్తా. మాటవరసకి కాదు, మెసేజ్ పెట్టు.

డాలస్ బుజ్జి
చర్చ మధ్యలో దూరుతున్నా, సారీ. లవణా, నేను ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద బయాలజీ రెండో ఏడాది. నీలాంటి ఇంటర్న్‌షిప్‌కి అప్లై చెయ్యొచ్చా? మార్కులు మరీ గొప్పగా లేవు, టెన్షన్‌గా ఉంది.

లవణ
బుజ్జీ, ముందే చెప్తున్నా, ఆశపడి టైము వృథా చేసుకోవద్దు. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో నడిచే ఆర్‌ఈయూ (డిగ్రీ పిల్లలతో పరిశోధన చేయించే ప్రోగ్రాం) సీట్లకి అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లే అర్హులు. నాకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి కుదిరింది. నువ్వు వెతకాల్సింది ఆ డబ్బుతో కాకుండా ప్రొఫెసర్లు సొంత గ్రాంటు మీద తీసుకునే చోట్లు. ముందు మీ కాలేజీలోనే అడుగు. సీపీటీ (స్టూడెంట్ వీసా మీద చదువుతూ పని చేసే అనుమతి) అవసరమా, కుదురుతుందా అన్నది మీ ఇంటర్నేషనల్ ఆఫీసు చెప్పాలి, వాట్సాప్ గ్రూపులు కాదు.

ఇండియాలో ఉన్నవాళ్లకి: కొచ్చిలో సీఎంఎఫ్‌ఆర్‌ఐ (సముద్ర మత్స్య పరిశోధన సంస్థ), దానికి విశాఖలో ప్రాంతీయ కేంద్రం, చెన్నైలో రొయ్యల జబ్బులకి సీఐబీఏ (ఉప్పునీటి జలచరాల పెంపకం సంస్థ), కాకినాడలో సీఐఎఫ్‌ఈ (మత్స్య విద్యా సంస్థ) కేంద్రం ఉన్నాయి. డిగ్రీ, పీజీ పిల్లల్ని తీసుకుంటారేమో నేరుగా అక్కడి సైంటిస్టుకే మెయిల్ పెట్టండి. ఆయన పేపర్ ఒకటి చదివి, అందులో అర్థంకాని ఒక్క విషయం అడుగుతూ రాయండి. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ ప్యాషనేట్" అని మొదలుపెడితే ఎవరూ చదవరు.

మార్కుల గురించి: నన్ను ఇంటర్వ్యూలో అడిగింది పడవలో కడుపు తిప్పుతుందా, ఒకే పని రోజంతా చెయ్యగలవా అని. ఇక్కడి ప్రోగ్రాముల గడువులు ఎక్కువగా జనవరి, ఫిబ్రవరిల్లో ముగుస్తాయి. సిఫారసు లేఖలు డిసెంబరు సెలవుల ముందే అడగండి. జనవరిలో ప్రొఫెసర్లు దొరకరు.

మోడరేటర్
వీసా, సీపీటీ ప్రశ్నలు ఇంకా ఉంటే చదువులు విభాగంలో కొత్త చర్చ తెరవండి. పడవ, డీజిలు సంగతి చెరువుగట్టు గారూ ముత్తుకూరు బ్యాచ్ గారూ మెసేజ్‌లలో తేల్చుకుని, ఏమైందో ఇక్కడ చెప్పండి.